ఎజెండా ఎవరి చేతిలో ఉంటుంది?



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డిగ్రీ చదువుతున్నాడు, ఒక పార్టీ మండల కమిటీలో సభ్యుడు. "అన్నా, మా ఊళ్ళో మాల, మాదిగ వాడలకు శ్మశానం జాగా లేదు. దాని మీద కమిటీలో తీర్మానం పెడదామంటే 'చూద్దాంలే, పైనుంచి సర్క్యులర్ రానియ్' అంటున్నారు. అసలు తీర్మానం పెట్టడానికి రూలేంటి?" అని అడిగాడు.

రూల్ చెప్పడం రెండు నిమిషాల పని. దాదాపు అన్ని పార్టీల నిబంధనావళి ఇదే చెబుతుంది. తీర్మానం రాతపూర్వకంగా ఉండాలి. మీటింగుకు ముందే ఇన్ని రోజులని నోటీసు ఇవ్వాలి. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. కార్యదర్శి దాన్ని ఎజెండాలో చేర్చాలి, అధ్యక్షుడు చర్చకు అనుమతించాలి. సవరణలుంటే ముందు వాటి మీద ఓటు, తర్వాత అసలు తీర్మానం మీద ఓటు. కోరం ఉండాలి. జరిగింది మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. అంతే.

కానీ ఆ తమ్ముడు అడిగింది ఇది కాదని నాకు తెలుసు. ఇన్ని రూళ్ళున్నా మన కాగితం లోపలికి ఎందుకు పోదు అన్నది అతని ప్రశ్న. దానికి జవాబు రూల్ బుక్కులో ఉండదు, చరిత్రలో ఉంటుంది. అందుకే ఈ భాగం.

తీర్మానం గురించి మాట్లాడితే మనవాళ్ళు ఓటింగు గురించే ఆలోచిస్తారు. మనకు ఎన్ని చేతులు లేస్తాయి, వాళ్ళకు ఎన్ని లేస్తాయి అని. చేతులు లేచే దాకా వస్తే సగం గెలిచినట్టే. ఈ దేశంలో అంటరానివాళ్ళ సమస్య ఓడిపోయింది చేతులెత్తే దగ్గర కాదు, కాగితం తీసుకునే దగ్గర.

1885 డిసెంబరులో బొంబాయిలో 72 మంది ప్రతినిధులతో కాంగ్రెస్ మొదలైంది. ఏ తీర్మానం పెట్టాలో మొదటి రెండేళ్ళూ కొద్దిమంది పెద్దలే కూర్చుని తేల్చేవాళ్ళు. 1886లో కలకత్తా సభకు అధ్యక్షుడైన దాదాభాయి నౌరోజీ ఒక గీత గీశాడు. జాతి మొత్తానికి నేరుగా సంబంధం ఉన్న విషయాలే కాంగ్రెస్‌లోకి రావాలి, సంఘ సంస్కరణ లాంటివి ఆయా వర్గాల సభలు చూసుకోవాలి అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఉప్పు పన్ను జాతి సమస్య అయినప్పుడు, చెరువు నీళ్ళు ముట్టుకోనివ్వకపోవడం ఒక 'వర్గం' సమస్య ఎట్లా అయింది? జాతి మొత్తం అంటే ఎవరు? ఆ ప్రశ్న అడగగలిగిన మనిషి ఆ హాల్లో లేడు.

1887 డిసెంబరులో మద్రాసు సభ. అక్కడ మొదటిసారి సబ్జెక్ట్స్ కమిటీ వచ్చింది. ఏ విషయం సభ ముందుకు పోవాలో ఎంచే కమిటీ అన్నమాట. కొద్దిమంది పెద్దల చేతిలోంచి ఒక ఎన్నికైన కమిటీ చేతికి ఎజెండా రావడం ఆ రోజుకు మంచి మార్పే, కాదనను. అదే మద్రాసులో అదే వారం రానడే, రఘునాథరావు కలిసి నేషనల్ సోషల్ కాన్ఫరెన్స్ పెట్టారు. రాజకీయం ఒక పందిట్లో, సంఘం ఇంకో సభలో. చాలా ఏళ్ళు కాంగ్రెస్ అయిపోగానే అదే పందిట్లో సోషల్ కాన్ఫరెన్స్ నడిచేది.

మరుసటి ఏడాది, 1888లో, అలహాబాదు సభ ఒక నియమం చేసింది. ఏ విషయం ప్రవేశపెట్టడానికైనా హిందూ ప్రతినిధులు గానీ ముస్లిం ప్రతినిధులు గానీ ఒక సమూహంగా, ఏకగ్రీవంగా లేదా దాదాపు ఏకగ్రీవంగా అభ్యంతరం చెబితే, సబ్జెక్ట్స్ కమిటీ దాన్ని చర్చకు పంపకూడదు, అధ్యక్షుడు అనుమతించకూడదు. పొరపాటున చర్చకు వచ్చినా వదిలెయ్యాలి. కాంగ్రెస్ అప్పటికే అభిప్రాయం చెప్పేసిన విషయాలకు మాత్రం ఇది వర్తించదు.

ఈ నియమాన్ని నేను ఒక్క మాటతో కొట్టెయ్యను. సంఖ్యలో తక్కువున్న ముస్లింలు, మెజారిటీ తమ మీద ఏదైనా రుద్దుతుందేమోనని భయపడ్డారు. ఆ భయానికి ఇది జవాబు. మైనారిటీకి రక్షణ కావాలి అన్న సూత్రాన్ని కాంగ్రెస్ తన నాలుగో ఏటే ఒప్పుకుందన్నమాట. ఈ మాట గుర్తు పెట్టుకోండి. 1932లో మనం రక్షణ అడిగినప్పుడు అది దేశాన్ని చీల్చడం అయింది. 1888లో అది రూలే.

కానీ అందులో రెండు పేర్లే ఉన్నాయి చూడండి. హిందూ ప్రతినిధులు, ముస్లిం ప్రతినిధులు. హిందూ ప్రతినిధులు 'ఒక సమూహంగా' అంటే ఎవరు? వకీళ్ళు, జమీందార్లు, పత్రికాధిపతులు, వ్యాపారులు. మనల్ని వాళ్ళ లెక్కలో కలిపి, వాళ్ళ చేతికి వీటో ఇచ్చారు. ఈ రూలు చూపించి ఎవరో అంటరానితనం మీద తీర్మానాన్ని ఆపేశారని నేను చెప్పడం లేదు. ఆపాల్సిన అవసరమే రాలేదు. తలుపుకు తాళం ఉందని అందరికీ తెలిస్తే తోసి చూసేవాడు ఉండడు.

1895లో పూనా సభ వచ్చింది. సోషల్ కాన్ఫరెన్స్ కాంగ్రెస్ పందిట్లో జరగడానికి వీల్లేదని తిలక్ పక్షం పట్టుబట్టింది. జరిపితే పందిరి తగలబెడతామనే బెదిరింపు దాకా పోయింది. బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో ఈ సంగతి రాశారు. ఆ ఏడాది సంస్కర్తలు పందిరి వదులుకున్నారు. తీర్మానం సంగతి దేవుడెరుగు, తీర్మానం గురించి మాట్లాడుకునే చోటు కూడా పోయింది.

ఇక్కడ చరిత్ర ఒక తమాషా చేసింది. 12 ఏళ్ళ తర్వాత అదే తిలక్ నోటీసు కాగితం చేతిలో పట్టుకుని తిరగాల్సి వచ్చింది. 1907 డిసెంబరు, సూరత్. స్వరాజ్యం, బహిష్కరణ, జాతీయ విద్య మీద ముందటేడు కలకత్తాలో చేసిన తీర్మానాలను మితవాదులు నీరుగారుస్తారని అతివాదుల అనుమానం. ముసాయిదాలు ముందుగా చూపించలేదన్నది వాళ్ళ ఫిర్యాదు. అధ్యక్షుడి ఎన్నిక ప్రతిపాదనకు బలపరచడం అయ్యాక తాను మాట్లాడాలని, సభ వాయిదాకు ప్రతిపాదన ఉందని తిలక్ చీటీ రాసి ఆహ్వాన సంఘం అధ్యక్షుడు మాల్వీకి పంపాడు. జవాబు లేదు. రాష్‌బిహారీ ఘోష్ ఎన్నికయ్యాడని ప్రకటించేశారు. తిలక్ వేదికెక్కి నిలబడ్డాడు. నీ ప్రతిపాదన నియమ విరుద్ధం అన్నారు. దిగను అన్నాడు. అప్పుడు పందిట్లోంచి ఒక మరాఠీ చెప్పు ఎగిరొచ్చింది. సురేంద్రనాథ్ బెనర్జీకి తగిలి, ఫిరోజ్‌షా మెహతాకు తగిలింది. కుర్చీలు లేచాయి, పోలీసులొచ్చారు, పార్టీ రెండయింది.

దేశంలోకెల్లా పెద్ద పార్టీ చీలింది ఒక చీటీ దగ్గర. తీర్మానాల రూళ్ళు చిన్న విషయం అనుకునే మిత్రులు సూరత్ గురించి ఒకసారి చదవాలి. ఆ చెప్పు గురించి పేజీలకు పేజీలు రాసిన చరిత్రకారులున్నారు. చెప్పులు కుట్టే కులాల గురించి మాత్రం ఆ పందిట్లో అటువాళ్ళ దగ్గరా ఇటువాళ్ళ దగ్గరా ఒక్క తీర్మానం లేదు.

ఇప్పుడు 1917కి రండి. నాకు ఈ ఏడాది చాలా ఇష్టం. రెండు నెలల్లో మూడు ఊళ్ళలో మూడు సభలు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తీర్మానం ఎవరు పెడతారు అన్న ప్రశ్న ఎంత పెద్దదో అర్థమవుతుంది.

మొదటిది మన బెజవాడ. నవంబరు మొదటి వారం. ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. అధ్యక్షత హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. 1906 నుంచి జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో, భజనలతో వాడవాడా తిరిగిన మనిషి. అప్పటికి ఆయన వయసు 30 కూడా లేదు. సభ పేరులోనే 'పంచమ' ఉంది. ఆయన అధ్యక్ష స్థానంలో కూర్చుని మొదట పట్టుకున్నది ఆ మాటనే. పంచములు అనే మాటకు పురాణాల్లో గానీ శాస్త్రాల్లో గానీ ఆధారం లేదు, మనం ఈ నేలకు మొదటివాళ్ళం అన్నారు. ఆ సభే ఆది ఆంధ్ర మహాజన సభగా పేరు మార్చుకుంది.

ఒక్కసారి ఆలోచించండి. ఆహ్వాన పత్రిక మీద ఒక పేరు, సభ లేచేటప్పటికి ఇంకో పేరు. ఇది ఎట్లా సాధ్యమైంది? అధ్యక్ష స్థానంలో మన మనిషి ఉన్నాడు, ప్రతిపాదించేవాడు మనవాడు, బలపరిచేవాడు మనవాడు, కూర్చున్నవాళ్ళు మనవాళ్ళు. ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు. ఆ పేరు అక్కడితో ఆగలేదు. 1922 జనవరిలో ఎం.సి. రాజా మద్రాసు శాసన మండలిలో తీర్మానం పెట్టి, పంచమ, పరయ అనే మాటలు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని వాడాలన్నారు. తీర్మానం నెగ్గింది. మార్చిలో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. బెజవాడ మాట నాలుగేళ్ళలో సర్కారు కాగితం మీదకు ఎక్కింది.

రెండోది బొంబాయి. నవంబరు 11. అణగారిన వర్గాల సభ అని పేరు. అధ్యక్షుడు మాత్రం సర్ నారాయణ చందావర్కర్, కాంగ్రెస్ మాజీ అధ్యక్షుడు. అక్కడ చేసిన తీర్మానాల్లో రెండింటిని జంటగా చూడాలి. ఒకటి, కాంగ్రెస్ - లీగ్ పథకానికి మద్దతు. రెండోది, రాబోయే కాంగ్రెస్ సభ అణగారిన వర్గాల మీద ఉన్న ఆంక్షలు తొలగించాలని ఒక ప్రత్యేక తీర్మానం చెయ్యాలన్న విన్నపం. ఇది బేరం అని బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. మీరు మా పథకాన్ని బలపరచండి, మేము మీ మీద ఒక తీర్మానం చేస్తాం. కొద్ది రోజులకే అదే బొంబాయిలో బ్రాహ్మణేతర నాయకుడు బాపూజీ నామ్‌దేవ్ బాగ్డే అధ్యక్షతన ఇంకో సభ జరిగింది. ఆ సభ ఈ బేరానికి ఒప్పుకోలేదు. ఒకే ఊరు, ఒకే నెల, అవే వర్గాల పేరుతో రెండు సభలు. కుర్చీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి తీర్మానం మారింది.

మూడోది కలకత్తా. డిసెంబరు. కాంగ్రెస్ సభ, అధ్యక్షురాలు అనీబిసెంట్. అక్కడ వచ్చింది ఆ తీర్మానం. కాంగ్రెస్ పుట్టిన 32 ఏళ్ళకు. ప్రతిపాదించింది మద్రాసు నుంచి జి.ఎ. నటేశన్, బలపరిచింది భూలాభాయి దేశాయి. అణగారిన వర్గాల మీద ఆచారం పెట్టిన ఆంక్షలన్నీ తొలగించడం అవసరమూ న్యాయమూ ధర్మమూ అని భారత ప్రజలకు విజ్ఞప్తి చేశారు. ఒక చిన్న సంగతి చెప్పాలి. 1909లో 'ఇండియన్ రివ్యూ' అనే పత్రికలో అనీబిసెంట్ ఒక వ్యాసం రాసింది. అంటరాని పిల్లలను మిగతా పిల్లలతో ఒకే బళ్ళో కూర్చోబెట్టడం వద్దని దాని సారాంశం. ఆ పత్రిక సంపాదకుడు ఎవరో తెలుసా? నటేశనే.

ఆ కలకత్తా తీర్మానాన్ని మన మండల కమిటీ తమ్ముళ్ళు కాగితం మీద రాసుకుని చూడాలి. ఎవరికి చెప్పారు? భారత ప్రజలకు. అంటే ఎవరికీ చెప్పలేదు. ఎవరు చెయ్యాలి? రాయలేదు. ఎప్పటిలోగా? రాయలేదు. డబ్బు? లేదు. కమిటీ? లేదు. చెయ్యకపోతే? ఏమీ లేదు. ఇట్లాంటి తీర్మానాన్ని ఆపాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. అది గోడ మీద రాసిన సూక్తి లాంటిది, దానికింద కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చు. ప్రతి కమిటీలో మనకు ఇచ్చేది ఈ రకం తీర్మానమే. "దళితుల సంక్షేమానికి కృషి చేయాలని తీర్మానించడమైనది." ఎన్ని మినిట్స్ పుస్తకాల్లో చదివానో ఈ వాక్యం.

మూడు నెలలు తిరగకుండా, 1918 మార్చిలో, బొంబాయిలోనే అఖిల భారత అణగారిన వర్గాల సభ జరిగింది. విఠల్ రామ్‌జీ షిండే పూనుకున్నాడు, బరోడా మహారాజు శాయాజీరావు అధ్యక్షత వహించాడు. అంటరానితనాన్ని ఒప్పుకునే దేవుడైతే ఆ దేవుణ్ణే నేను ఒప్పుకోను అనే అర్థం వచ్చేలా అక్కడ తిలక్ గొప్పగా మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత, నా సొంత జీవితంలో అంటరానితనం పాటించను అనే ప్రతిజ్ఞాపత్రం సంతకానికి వచ్చింది. తిలక్ సంతకం పెట్టలేదు. ప్రసంగానికి ఖర్చు లేదు, సంతకానికి ఉంది. అందుకే నేను కార్యకర్తలకు చెబుతుంటాను, మీ తీర్మానం కింద పేర్లు రాయించండి అని.

1920 డిసెంబరులో నాగపూరు సభ కాంగ్రెస్‌కు కొత్త నిబంధనావళి రాసింది. నాలుగణాల సభ్యత్వం. ఊరి నుంచి తాలూకా, తాలూకా నుంచి జిల్లా, జిల్లా నుంచి భాషను బట్టి రాష్ట్ర కమిటీలు. ఈరోజు మన ఊళ్ళలో చూసే గ్రామ కమిటీ, మండల కమిటీ మెట్ల అమరికకు తాత ఆ నాగపూరు కాగితమే. అక్కడే అంటరానితనం పోగొట్టాలన్న మాటను కూడా సహాయ నిరాకరణ తీర్మానంలో చేర్చారు. ఇక మన కాగితం కింది మెట్టు నుంచి పైకి పోతుందని ఎవరైనా ఆశపడాల్సిందే.

ఏం జరిగిందో స్వామి శ్రద్ధానంద కథలో చూద్దాం. ఆయన మనవాడు కాదు. ఆర్యసమాజీ, శుద్ధి ఉద్యమం నడిపినవాడు. ఆయన దారితో నాకు పేచీ ఉంది. కానీ లోపలివాడే, పేరున్నవాడే, పెద్దమనిషే ఒక తీర్మానం పట్టుకుని పోతే ఏమైందో తెలియాలంటే ఇంతకన్నా మంచి రికార్డు లేదు. బాబాసాహెబ్ తన 'కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేశారు' పుస్తకంలో ఆ ఉత్తరాలన్నీ అచ్చువేశారు.

1922 ఫిబ్రవరిలో బార్డోలీ నిర్మాణ కార్యక్రమం వచ్చింది. అందులో అణగారిన వర్గాల అంశం ఉంది. దానికింద ఒక గమనిక ఉంది. అంటరానివాళ్ళ మీద విముఖత ఇంకా బలంగా ఉన్న చోట కాంగ్రెస్ డబ్బుతోనే వాళ్ళకు వేరే బడులు, వేరే బావులు నడపాలట. పైన తీర్మానం, కింద దానికి తోక. తోకే కుక్కను ఊపుతుంది. శ్రద్ధానంద ఈ గమనిక మీద అభ్యంతరం చెప్పాడు, సవరణ కావాలన్నాడు. అది పక్కకు పోయింది.

జూన్‌లో లక్నోలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుంది. ఒక ఉపసంఘం వెయ్యాలి, 5 లక్షలు కేటాయించాలి, అందులో ఒక లక్ష కాంగ్రెస్ చేతిలో ఉన్న నగదు నుంచి వెంటనే ఇవ్వాలి, మిగతాది విరాళం అడగాలి అని ఆయన పట్టు. వర్కింగ్ కమిటీ 2 లక్షలు అంది. వర్కింగ్ కమిటీ తరఫున రాజగోపాలాచారి లేచి, ఇప్పుడే నగదు ఎంతో నిర్ణయించొద్దు, పథకం తయారయ్యాక వీలైనంత ఇద్దాం అన్నాడు. చేతిలో ఎంత డబ్బుందో సభలో చెప్పండి అని శ్రద్ధానంద అడిగితే, చెబితే శత్రువులకు అలుసవుతాం అని పక్కకు పిలిచి నచ్చజెప్పారు. చివరికి ఉపసంఘం వేశారు. శ్రద్ధానంద, సరోజినీ నాయుడు, గంగాధరరావు దేశ్‌పాండే, ఇందులాల్ యాజ్ఞిక్. కన్వీనరు తనే అనుకున్నాడు శ్రద్ధానంద. తీరా పత్రికల్లో కన్వీనరుగా దేశ్‌పాండే పేరు వచ్చింది. ఆయన రాజీనామా చేశాడు. జులైలో వర్కింగ్ కమిటీ, రాజీనామా వెనక్కి తీసుకోమని కోరుతూ, ఉపసంఘం ఖర్చులకు 500 రూపాయలు పంపించాలని తీర్మానించింది.

5 లక్షలతో మొదలైన కాగితం 500కు చేరింది. ఎక్కడా ఎవరూ 'వద్దు' అనలేదు చూడండి. ఓటింగులో ఓడించలేదు. అంకె తగ్గించారు, తేదీ తీసేశారు, 'వీలైనంత' అనే మాట చేర్చారు, కన్వీనరు పేరు మార్చారు. 1923 మేలో ఆఖరి మేకు. అంటరానితనం ప్రధానంగా హిందూ సమాజానికి సంబంధించింది కాబట్టి హిందూ మహాసభ దీన్ని చేపట్టాలని కోరుతూ వర్కింగ్ కమిటీ తీర్మానం చేసింది. 1886లో దాదాభాయి గీసిన గీత దగ్గరికే మళ్ళీ వచ్చి ఆగింది బండి.

తిలక్ స్వరాజ్య నిధికి కోటికి పైగా వసూలైన రోజులవి. అందులోంచి అంటరానివాళ్ళ పనికి ఇచ్చింది మొత్తం 43,381 రూపాయలని బాబాసాహెబ్ లెక్క తీశారు. పద్దులు కూడా ఇచ్చారు. రాజమండ్రి అణగారిన వర్గాల మిషన్‌కు 1,000, ఆంధ్రలో పనికి ఇంకో 7,000 అందులోనివే. ఆ 1923 డిసెంబరులోనే మన కాకినాడలో కాంగ్రెస్ జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మదలీ తన ప్రసంగంలో, అంటరానివాళ్ళను హిందువులు, ముస్లింలు పంచుకుని బాగుచెయ్యొచ్చు అన్నాడు. పొలం గట్టు పంచుకున్నట్టు. పంచుకోబడేవాళ్ళను అడగాలన్న తీర్మానం మాత్రం ఎవరూ పెట్టలేదు.

అదే కాలంలో ఇంకో రకం తీర్మానాలు నడిచాయి. 1923 ఆగస్టు 4న ఎస్.కె. బోలే బొంబాయి శాసన మండలిలో, సర్కారు డబ్బుతో కట్టిన, నడిపే చెరువులు, బావులు, ధర్మశాలలు, బడులు, ఆస్పత్రులు అంటరానివాళ్ళు వాడుకోవచ్చని తీర్మానం నెగ్గించాడు. 1924లో మద్రాసు మండలిలో రెట్టమలై శ్రీనివాసన్, ఏ కులంవాళ్ళైనా ప్రజల దారుల్లో నడవొచ్చు, ప్రజల బావులు వాడుకోవచ్చని తీర్మానం పెట్టి ఉత్తర్వు తెప్పించారు. నెగ్గడానికి కారణం ఆ మండళ్ళు మంచివని కాదు. అక్కడ ప్రతి సభ్యుడికీ నోటీసు ఇచ్చే హక్కు కాగితం మీద ఉంది. నోటీసు ఇస్తే జవాబు చెప్పక తప్పదు. పార్టీ లోపల ఆ హక్కు పెద్దల దయ.

అట్లాగని శాసనమండలి తీర్మానం స్వర్గం కాదు. బోలే తీర్మానాన్ని అనుసరించి 1924 జనవరిలో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. మూడేళ్ళు ఒక్క అంటరాని మనిషి దిగలేదు, దిగనివ్వలేదు. 1927 మార్చి 19, 20 తేదీల్లో అక్కడ కొలాబా జిల్లా బహిష్కృత పరిషత్తు జరిగింది. తీర్మానాలు చదివారు, ఒప్పుకున్నారు. ఇక ముగించే వేళకు అనంతరావు చిత్రే లేచి, ఈ ఊరి చెరువు నీళ్ళు తాగకుండా ఈ సభ ముగియకూడదు అన్నాడు. జనం లేచారు. బాబాసాహెబ్ ముందు నడిచారు. దాన్నే నేను 'అమలు చేసిన తీర్మానం' అంటాను. దాని తర్వాత తలలు పగిలాయి. ఆగస్టు 4న మునిసిపాలిటీ తన 1924 తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. బోలే తీర్మానం నెగ్గి సరిగ్గా నాలుగేళ్ళయిన రోజున. తీర్మానాన్ని రద్దు చెయ్యడానికి కూడా ఇంకో తీర్మానమే కావాలి మిత్రులారా. మనం గెలిచిన మీటింగు తర్వాత వచ్చే మీటింగుకు ఇంట్లో కూర్చోకూడదు.

నేను ఒక పార్టీలో చాలా ఏళ్ళు మండల స్థాయిలో పనిచేశాను. పేరెందుకులే. రెండు గ్లాసుల హోటళ్ళ మీద తీర్మానం రాసిచ్చాం. తీసుకోము అనలేదు. ఎజెండాలో చిట్టచివరి అంశంగా వేశారు, 'అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు' అనే దానికింద. రోడ్డు కాంట్రాక్టు గురించి మూడు గంటలు చర్చ. మా వంతు వచ్చేసరికి టీలు వచ్చాయి, సగం మంది బండ్లు స్టార్ట్ చేశారు. కోరం లేదు, వచ్చే నెల చూద్దాం అన్నారు. వచ్చే నెల ఎజెండాలో అది లేదు. ముందు నెల మినిట్స్‌లో కూడా లేదు. అంటే మేం పెట్టనే లేదు. తర్వాత తెలివి తెచ్చుకుని రెండు కాపీలు రాసి, ఒకదాని మీద 'అందినది' అని తేదీతో సంతకం పెట్టించుకునేవాళ్ళం. పోయిన మీటింగు మినిట్స్ చదివి ఆమోదించమన్నప్పుడు నోరు తెరిచి, మా అంశం ఎక్కలేదు, సవరించి రాయండి అనేవాళ్ళం. మినిట్స్ ఆమోదం అప్పుడు నిద్రపోయేవాడికి ఆ పార్టీలో చరిత్ర ఉండదు. ఓడిపోయిన తీర్మానమైనా సరే పుస్తకంలో ఉండాలి. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎవరు వ్యతిరేకించారు అని పేర్లతో ఉండాలి.

ఆ తమ్ముడికి కూడా అదే చెప్పాను. శ్మశానం జాగా మీద 'కృషి చేయాలి' అని రాయకు. ఏ సర్వే నంబరు, ఎన్ని కుంటలు, ఏ తేదీలోగా ఎవరు తహసీల్దారును కలవాలి, కలిసి వచ్చి ఏ మీటింగులో రిపోర్టు చెయ్యాలి, అది రాయి. బలపరిచేవాణ్ణి ముందే చూసుకో. వీలైతే బీసీ మిత్రుణ్ణి అడుగు. ఆడవాళ్ళు కమిటీలో ఉంటే ఇంకా మంచిది, చావు ఇంటి కష్టం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. "పైనుంచి సర్క్యులర్ రానియ్" అంటే, కింది కమిటీ తీర్మానానికి పై అనుమతి ముందుగా కావాలని నిబంధనావళిలో ఎక్కడుందో చూపించమని అడుగు. నెమ్మదిగా అడుగు, పుస్తకం చేతిలో పెట్టుకుని అడుగు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మండల కమిటీ సభ్యుడికే ఈ బాధ అనుకుంటున్నారా? 1947 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టిన హిందూ కోడ్ బిల్లు నాలుగేళ్ళు సభ ఎజెండాలో ఎక్కుతూ దిగుతూ ఉంది. చివరికి 1951 సెప్టెంబరులో నాలుగు క్లాజుల దగ్గర వదిలేశారు. బిల్లు నడిపిస్తున్నది దేశ న్యాయశాఖ మంత్రి. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు. ఆయనకే ఎజెండాలో చోటు దొరకలేదు. సెప్టెంబరు 27న రాజీనామా ఇచ్చారు. రాజీనామా చేసిన మంత్రి సభలో ప్రకటన చెయ్యడం ఆనవాయితీ. అక్టోబరులో ఆయన లేస్తే, అధ్యక్ష స్థానంలో ఉన్న డిప్యూటీ స్పీకర్ అనంతశయనం అయ్యంగార్, మన తిరుపతి ప్రాంతం నాయకుడే, ప్రకటన ప్రతి ముందుగా చూపించాలన్నారు, సాయంత్రం చదవొచ్చన్నారు. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. కాగితాలు తీసుకుని సభలోంచి బయటికి నడిచారు. ఆ ప్రకటన పత్రికలవాళ్ళ చేతికి వెళ్ళింది.

మహద్ చెరువు కేసు 1927 నుంచి 1937 దాకా కోర్టుల్లో ఎట్లా నడిచిందో వచ్చే భాగంలో రాస్తాను. మీ కమిటీల నిబంధనావళి ప్రతులు దొరికితే పంపండి, అందరం కలిసి చదువుదాం.

జై భీమ్.